అమ్మవారు తీసుకుందనుకున్న చేతులు

ఈ కలాన్ని నేను చూసుకుంటూ పట్టుకుంటున్నాను. చూపు పక్కకు మళ్లిందంటే అది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో నాకు తెలియదు. నెమ్మదిగా రాస్తాను కాబట్టి సాగదీయడానికి ఓపిక లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మాది దుర్గి. రాయి చెక్కి బతికే ఇల్లు. ఎన్నో శిలాఫలకాల మీద ఎంతోమంది పేర్లు చెక్కాను గానీ, సుద్దతో గీసిచ్చిన గీతల వెంట ఉలి నడపడమే తప్ప అందులో ఏముందో చదవలేకపోయేవాణ్ణి. చేతులు పనికి రాకుండా పోయి ఇంట్లో కూర్చున్నాకే అక్షరాలు దిద్దాను. దిద్దించింది నా కూతురు సరోజ. మాచర్లలో బడి పంతులమ్మ. ఈ జబ్బు నాకు చేసిన మేలంటూ ఉంటే అదొక్కటే.

మిరపకోతల కాలం

అచ్చంపేట వైపు ఊరొకటి అంకమ్మ బొమ్మ చెయ్యమని అడిగింది. నల్లరాయి. ముఖం దాదాపు అయిపోయింది. పొద్దున్నే షెడ్డులో కూర్చుని చెంప నునుపు చేస్తున్నాను. అమ్మవారి చెంప మీద ఎర్రగా ఒక చుక్క కనపడింది. నేను చూస్తుండగానే అది జారి గడ్డం దాకా వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

రాయిలోంచి నెత్తురు వస్తోంది. ఉలి వదిలేసి లేచి నిలబడ్డాను.

నా తమ్ముడు శేషయ్య అవతల రాయి మీద గ్రైండరు ఆడిస్తున్నవాడు ఆపి చూశాడు.

"అన్నా, నీ బొటనవేలు!"

వేలు ఎముక కనపడేంతగా తెగి ఉంది. ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు. నొప్పి లేదు. వేడి లేదు. వేరే ఎవరి చెయ్యో తెచ్చి నా మణికట్టుకు తగిలించినట్టుంది. శేషయ్య పరుగెత్తుకొచ్చి గుడ్డ కడతాడనుకున్నాను. కట్టలేదు. ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. వాడి కనురెప్పల మీద నా నెత్తురు అంటుకుంది.

"తీసుకుందన్నా. అమ్మ నీ చెయ్యి తీసుకుంది."

మా ఇంటి సంగతి తెలిస్తే తప్ప ఈ మాట అర్థం కాదు. బొమ్మకు అన్నీ అయ్యాక చివర్న కళ్లు తెరుస్తారు. అప్పటిదాకా అది రాయే. ముఖానికి ఎదురుగా ఒకరు అద్దం పట్టుకుంటారు. చెక్కేవాడు పక్కకు ఒరిగి, అద్దంలో చూసుకుంటూ కనుపాప గీత గీస్తాడు. తెరుచుకున్న కళ్ల మొదటి చూపు అద్దంలోనే పడాలి, మనిషి మీద పడకూడదు. మా ఇంట్లో ఈ పని పెద్దవాడిదే. మా తాత చేశాడు. వేళ్లు మొద్దుబారి, కాళ్లు చచ్చుబడి పోయాడు. మా నాయన చేశాడు. ఆయనా అలాగే పోయాడు. ఆయన తర్వాత ఆ పని నాది. దాంతో ఇంట్లో ఒక మాట పాతుకుపోయింది. కళ్లిచ్చినవాడి చేతులు అమ్మవారు పుచ్చుకుంటుందని.

జబ్బు అని ఎవరూ అనలేదు. నాయన చివరి రోజుల్లో ఊళ్లవాళ్లు వచ్చి ఆయన చచ్చిన వేళ్లను కళ్లకద్దుకుని పోయేవాళ్లు. ఆయన కడుపు నిలవక, మంచం దిగలేక, ఎముకల గూడై పోతుంటే మేము హారతి ఇచ్చాం.

ఆ పూట నాకూ హారతి ఇచ్చారు. నేను ఇవ్వనిచ్చాను. గర్వంగానే ఉంది.

ఎండలు ముదిరాక

అరికాళ్లు మండడం మొదలుపెట్టాయి. దుప్పటి అంచు తగిలితే నిప్పు తగిలినట్టుండేది. కొన్నాళ్లకు మంట పోయింది. పోతే బాగుపడ్డాననుకున్నాను. కాదు. మండడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఒకసారి బజారు నుంచి ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ ఊడిందో తెలియదు. తారు రోడ్డు మీద నడిచిన పాదం బొబ్బలెక్కి ఉంది, అదీ కోటమ్మ చూపిస్తేనే చూశాను. కోటమ్మ నా ఇంటిది.

తిన్నది ఒంట పట్టేది కాదు. నాలుగు రోజులు బిగుసుకుపోయేది, ఆ తర్వాత ఆగేది కాదు. కూర్చున్నవాణ్ణి లేస్తే కళ్లు చీకట్లు కమ్మేవి. పంచె నడుము మీద నిలవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కోటమ్మ వంటింట్లో ఉంది. నేను వసారాలోంచి లోపలికి వస్తున్నాను. ఆమె చేతిలోని గరిటె కింద పడింది. గోడకు వీపు ఆనించి నిలబడిపోయింది.

"ఏమే, ఏమైంది?"

"నువ్వా?"

"నేను గాక ఇంకెవరు?"

"మామయ్య వస్తన్నాడనుకున్నానయ్యా."

నాయన పోయి చాలా ఏళ్లయింది. చివర్లో ఆయన పాదం పైకెత్తలేక, టప్పుమని నేలకు కొట్టుకుంటూ నడిచేవాడు. ఆ చప్పుడు వింటూనే కోటమ్మ కొత్త కోడలుగా పళ్లెం పెట్టేది. నేను వెనక్కి తిరిగి మళ్లీ నాలుగడుగులు వేసి విన్నాను. టప్. టప్. నిజమే, ఆయనే నడుస్తున్నాడు. కాళ్లు మాత్రం నావి.

నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే.

ఆసుపత్రి బల్లల మీద

సరోజ సెలవు పెట్టి వచ్చింది. నన్ను కాసేపు అలాగే చూసి, వాళ్ల బాబాయి వెలిగిస్తున్న కర్పూరాన్ని ఊదేసింది.

"ఏందమ్మా అది?" అన్నాడు శేషయ్య.

"నాన్న కరిగిపోతన్నాడు బాబాయ్. మీరు హారతి పళ్లెం తిప్పుతన్నారు."

మస్తాన్ కారు నడుపుతాడు. మా వీధివాడే, వాళ్ల నాన్న నాకు స్నేహితుడు. అతని కారులో నరసరావుపేట పోయాం. అక్కడ షుగరన్నారు. పరీక్షలో షుగరు లేదు. ఇంకో చోట నా వేళ్లు చూసి డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కుష్టేమోనని అనుమానం. ఆ మాట తలుపు దాటి ఎలా పోయిందో గానీ, బయట బల్ల మీద నా పక్కనున్న వాళ్లు ఒక్కొక్కరే లేచి గోడ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. బల్ల అంతా నాకే మిగిలింది. సరోజ మందుల చీటీ కోసం వెళ్లింది. గొంతు ఎండిపోతోంది, ఎదురుగా నీళ్ల గ్లాసుంది, పట్టుకోలేను.

గురజాల నుంచి వచ్చిన ఒకావిడ, మెడలో సిలువ గొలుసు, పసిబిడ్డను చంకన వేసుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది.

"పట్టుకోలేవుగా పెద్దాయనా. నేను పట్టుకుంటా, తాగు."

"నా పక్కన కూచోవద్దంటన్నారమ్మా."

"వాళ్లన్నారు. నేననలేదుగా," అని గ్లాసు నా మూతికి ఆనించింది. ఆమె పేరు అడగలేదు. ఈ కాగితం ఆమె దాకా పోతే బాగుండును.

కుష్టు కాదని తేలింది. గుంటూరులో నరాలకు కరెంటు పెట్టి చూశారు. అక్కడొక కుర్ర డాక్టరు, అప్పటిదాకా ఎవరూ అడగని మాట అడిగాడు.

"మీ నాన్నగారికి కూడా ఇలాగే ఉండేదా?"

కోటమ్మ ముందుకు జరిగి గొప్పగా చెప్పింది. తాతగారికీ, మామగారికీ, ఈయనకూ, ముగ్గురికీ అమ్మవారు ఎలా చేతులు తీసుకుందో మొత్తం చెప్పింది. ఆయన రాస్తున్నవాడు రాయడం ఆపేశాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు హైదరాబాదు వెళ్లాలి. ఆలస్యం చెయ్యకండి," అన్నాడు.

వానలు పడేటప్పుడు

మాచర్ల మీదుగా సాగరు దాటి పోయాం. కృష్ణ మీద మబ్బు దిగి, అవతలి ఒడ్డు కనపడలేదు. ఎటు పోతున్నామో తెలియనట్టే ఉంది.

హైదరాబాదులో పెద్ద ఆసుపత్రి. కింది నుంచి పైకి ఎక్కడ చూసినా కుర్చీలు, కుర్చీల నిండా ఎవరి భయం వారు పట్టుకుని కూర్చున్న మనుషులు. నెత్తురు తీశారు, పొట్ట మీద కొవ్వు ముక్క తీశారు. కబురు రావడానికి వారాలు పట్టింది. వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను.

నా కాలేయం ఒక సరుకు తయారుచేస్తుంది. అందరి కాలేయమూ చేస్తుంది. మా వంశంలో అది పుట్టుకతోనే వంకరగా తయారవుతుంది. నిలవలేక విడిపోయి, సన్నటి పోగులై, నరాల్లోనూ గుండెలోనూ పేరుకుంటుంది. నరాలు చచ్చిపోతాయి. తాతను చంపింది అదే. నాయనను చంపింది అదే.

"మందుందా?" అంది సరోజ.

"ఉంది. కణం లోపల ఆ సరుకు తయారుచెయ్యమని ఒక కబురు పుడుతుంది. ఆర్‌ఎన్‌ఏ అంటారు. ఆ కబురును తెంపేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కే ఈ మందు. కబురు అందకపోతే సరుకు తయారవదు."

"అయితే మింగించండి," అన్నాను.

"మింగితే అరిగిపోతుంది. ఊరికే నెత్తుట్లో కలిపినా కాసేపట్లో చితికిపోతుంది. అందుకని కంటికి ఆనని కొవ్వు గుళికల్లో పెట్టి ఎక్కిస్తాం. నానో గుళికలు. కాలేయం వాటిని కొవ్వే కదా అనుకుని తనంతట తనే లోపలికి తీసుకుంటుంది. లోపలికి పోయాక గుళిక విచ్చుకుంటుంది."

"దొంగచాటుగా పోతదన్నమాట."

ఆమె నవ్వింది. "అవును పెద్దాయనా. పోయి నోరు మూయిస్తుంది."

"ఎవరి నోరమ్మా?"

నవ్వు ఆగింది. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. మా తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు వచ్చినది, నాలో కూర్చుని ఇన్నాళ్లూ మాట్లాడుతున్నది. దాన్ని మాట్లాడనివ్వరట.

పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనంది. ఇంకా పోకుండా ఆపొచ్చంది. ఒక పరిశోధన కింద నన్ను తీసుకుంటారు. ఇంకో మాట కూడా అంది. తోడబుట్టినవాళ్లకూ పిల్లలకూ ఇది ఉండే అవకాశం సగానికి సగం. ఉన్నవాళ్లు నడవగలిగిన దశలోనే రావాలి. గుండెలో బాగా పేరుకున్నాక తీసుకోరు.

సరోజ గోడ మీది కాలెండరు వైపు చూస్తూ ఉండిపోయింది.

మూడు వారాలకోసారి సూది. మందు ఎక్కేముందు ఒంటికి పడటానికని వేరే సూదులు వేస్తారు, వాటికి మత్తుగా ఉంటుంది. తర్వాత గంటకు పైగా చుక్క చుక్కగా మందు. మొదటిసారి పడక కుర్చీలో కళ్లు మూతలు పడుతుంటే నాయన వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. పట్టపగలు. తల మీద రాతిపొడి అలాగే ఉంది. నా వైపు చూస్తూ ఏదో చెప్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. గట్టిగా చెప్పు నాయనా అన్నాను. ఆయన గొంతు పట్టుకుని మళ్లీ ప్రయత్నించాడు. చప్పుడు లేదు.

ఉలిక్కిపడి లేస్తే నర్సు చెయ్యి నా భుజం మీద ఉంది. నల్లగొండ పిల్ల.

"ఏమైంది తాతా? గట్ల అరుస్తున్నవ్?"

"మా నాయన మాట్లాడతన్నాడు, వినపడట్లేదమ్మా."

ఆమె నవ్వలేదు. సీసా వైపు ఒకసారి చూసి, ధార కొంచెం తగ్గించింది. "మందు మత్తు తాతా. నేను ఈడనే కూసుంట. పండుకో." నిజంగానే స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆ తర్వాత ప్రతిసారీ వచ్చాడు. ప్రతిసారీ అదే. ఒకసారి ఏడ్చాడు, అదీ చప్పుడు లేకుండానే. మందు మానేద్దామా అని నేను ఆలోచించిన రోజులున్నాయి. అన్నం పెట్టి పెంచిన తండ్రి గొంతు నొక్కుతూ బతకడమేమిటి అనిపించేది. సరోజతో అంటే, "ఆయన నోరు కాదు నాన్నా, జబ్బు నోరు," అంది. సరే, జబ్బు నోరే. ఆ పిల్లకు తెలియనిదేమిటంటే, నాకు ఆ రెండూ కలిసే వచ్చాయి.

చలి మొదలయ్యేసరికి కడుపు నిలిచింది. పంచె నిలిచింది. మొద్దుబారడం మణికట్టు దగ్గర ఆగింది. వెనక్కి పోలేదు. ముందుకు రాలేదు. అంతే. ఆ అంతే కోసం నాయన ఏమిచ్చేవాడో.

శేషయ్య

నేను హైదరాబాదు తిరుగుతున్న రోజుల్లో అంకమ్మ బొమ్మ పని శేషయ్య పూర్తి చేశాడు. కళ్లొక్కటే మిగిలాయి. ఒకరోజు వాడు మా ఇంటికి వచ్చి టీ తాగుతున్నాడు. గ్లాసు పొగలు కక్కుతోంది, వాడు దాన్ని అరచేత్తో చుట్టి పట్టుకుని కబుర్లు చెప్తున్నాడు. నేను వేళ్ల వంక చూశాను. చర్మం ఎర్రబడుతోంది. వాడికి తెలియడం లేదు.

"శేషయ్యా, గ్లాసు కింద పెట్టు."

పెట్టాడు. చెయ్యి చూసుకున్నాడు. దాచుకుంటాడనుకున్నాను. నవ్వాడు. పెళ్లికొడుకు నవ్వినట్టు నవ్వాడు.

"నీకు చెబుదామనే వచ్చాన్నా. నాకు పిలుపొచ్చింది."

"ఎప్పటినుంచి?"

"పోయిన శ్రావణం నుంచి. కాళ్లు ముందు. ఇప్పుడు వేళ్లు."

"ఒరేయ్, అది పిలుపు గాదురా. జబ్బు. నాకున్నదే. నెత్తురు పరీక్షకు రా, నడవగలిగినప్పుడే తీసుకుంటారు."

"నువ్వు సూదులేయించుకున్నావుగా. నీ చేతులు తిరిగొచ్చినాయా?"

"రాలేదు."

"రావు. ఇచ్చింది ఆమె దగ్గరే ఉంది."

"నువ్వు ఎన్ని బొమ్మలకు కళ్లు తెరిచావురా?"

"ఒక్కదానికీ లేదు."

"మరి నీకెందుకొచ్చింది? మన ఇంటి మాట ప్రకారం కళ్లిచ్చినోడికేగా?"

ఈ మాటతో వాడు చిక్కాడనుకున్నాను. వాడి ముఖం ఇంకా వెలిగింది.

"నన్ను ముందే తీసుకుంది. ఇవ్వకముందే పుచ్చుకుంది. నాయన కంటే, నీ కంటే నేనంటేనే ఇష్టం ఆమెకి."

అలాంటి మనిషికి ఏం చెప్తాం? వాడు జీవితమంతా నా వెనక నిలబడి మోటు చెక్కుడు చెక్కినవాడు. నేను రోజూ తీసుకునే విటమిను మాత్ర గురించి సరోజ చెప్పింది, నోరు మూయించిన ఆ సరుకుకు కంటి చూపుకు కావలసింది మోసే పని కూడా ఉందని, అది తగ్గితే చూపు దెబ్బతినకుండా ఆ మాత్రని. నచ్చజెప్పబోయి చెప్పింది. వాడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూశావా, తిరిగి తిరిగి కళ్ల దగ్గరికే వచ్చింది. మీ డాక్టర్లకు కూడా తెలుసు."

నెలలు గడిచాయి. వాడి నడక మారింది. మా వీధిలోకి రాగానే ఇప్పుడు ఆ చప్పుడు మా వసారా దాకా వినపడేది. కోటమ్మ చెవులు మూసుకునేది. నేను వింటూ కూర్చునేవాణ్ణి, ఇంకా ఎంతకాలం నడుస్తాడా అని.

కళ్లు తెరిచిన రోజు

అచ్చంపేట వైపు నుంచి ఊరివాళ్లు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. మంచిరోజు చూసుకున్నారు. డప్పులు బయట ఆగాయి. పెద్దవాణ్ణి కాబట్టి అద్దం నేను పట్టుకున్నాను. నాకు చేతనైంది అంతవరకే. శేషయ్య స్నానం చేసి కొత్త పంచె కట్టి, సన్న ఉలి తీసుకుని బొమ్మ పక్కన ఒరిగాడు.

ఉలి జారింది. రాయి మీద పడి ఖంగుమంది. తీసుకున్నాడు. మళ్లీ జారింది.

"ఆచారిగారూ, మంచిగడియ దాటిపోతంది," అన్నాడు ఊరి పెద్ద ఒకాయన.

శేషయ్య ఉలిని గుడ్డతో వేళ్లకు కట్టుకోబోతున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను. అందరి ముందూ అన్నాను.

"వాడి చేతులు అమ్మవారు తీసుకోలా. నావీ తీసుకోలా. మా నాయనవీ తీసుకోలా. మా ఇంట్లో జబ్బుంది. నెత్తుట్లో ఉంది. మేం దాన్ని పూజ చేసుకుంటా పెంచుకున్నాం. వినండి, ఇక మా ఇంటికొచ్చి ఎవరూ మా చేతులు కళ్లకద్దుకోబాకండి."

శేషయ్య నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"నాయన్ను జబ్బుమనిషిని చేశావు."

"జబ్బుతోనే పోయాడు."

"అమ్మవారు తీసుకోదంటావు."

"తీసుకోదు."

"అయితే నీ కూతురి చేత తెరిపించు." ఉలి ముందుకు చాపాడు. "నీకంత నమ్మకమేగా? సరోజ తెరవనీ. తెరిచినాక దానికి ఏం గాదని నువ్వంటే, రేపే నీతో హైదరాబాద్ వస్తా. లేదంటే నన్ను నా అమ్మతో వదిలెయ్."

కోటమ్మ పెద్దగా ఏడ్చింది. "వద్దయ్యా, బిడ్డ గలది, వద్దు!"

సరోజ నెత్తురు పరీక్షకు అంతకు ముందు వారమే హైదరాబాదు వెళ్లింది. ఇన్నాళ్లూ వాయిదా వేసి వేసి ఇచ్చింది. కబురు రాలేదు. సగానికి సగం. ఈ రోజు ఇది బొమ్మకు కళ్లు తెరిచి, రేపు కబురు చెడ్డగా వస్తే శేషయ్య మాటే నిలుస్తుంది. వాడు చస్తాడు, వాడి నమ్మకంతోనే చస్తాడు. వాడి సంగతి అలా ఉంచితే, నా సంగతేమిటి? జబ్బే అని ఇప్పుడే పదిమందిలో అరిచిన నాకు అరికాళ్ల నుంచి వణుకు వచ్చింది. చచ్చిన అరికాళ్ల నుంచి.

"కబురు రానీ తల్లీ," అన్నాను.

సరోజ పైట నడుముకు దోపుకుంది. చిన్నప్పుడు ఈ షెడ్డులో నునుపు రాళ్లతో ఆడుకున్న పిల్ల. మా ఇంట్లో ఆడవాళ్లు ఉలి పట్టిన దాఖలా లేదు.

"ఉంటే నేను పుట్టిన రోజునుంచే ఉంది నాన్నా. ఇవాళ కొత్తగా రాదు," అంది. "అద్దం సరిగా పట్టుకో."

వాళ్ల బాబాయి చేతి నుంచి ఉలి తీసుకుంది. ఒరిగింది. అద్దంలో నాకు కనపడకుండా, ఆమెకు కనపడుతూ తన ముఖమూ అమ్మవారి ముఖమూ పక్కపక్కన ఉన్నాయి. చిన్న సుత్తి చప్పుడు. ఆగింది. రెండో కన్ను. చిన్న చప్పుడు. గింజంత రాతిపొడి ఊదింది. పక్కకు తప్పుకుంది.

అప్పుడు చూశాను. నేను అద్దం పట్టుకున్నాననే అనుకుంటున్నాను, కానీ నా వేళ్లలో అది ఎప్పుడో కిందికి వాలిపోయింది. అమ్మవారి చూపు అద్దం అంచు మీదుగా దాటి పోయింది. ఉలి ఇచ్చేసి అద్దం వెనక్కి వచ్చి నిలబడ్డ శేషయ్య మీద సూటిగా పడింది.

వాడు కదల్లేదు. రాయీ వాడూ ఒకరినొకరు చూసుకుంటూ ఎంతసేపు ఉన్నారో. ఎవరో పరుగున పసుపు గుడ్డ తెచ్చి బొమ్మ ముఖం కప్పారు. శేషయ్య పెదాలు ఏదో అంటున్నట్టు కదిలాయి, నాకేమీ వినపడలేదు. తర్వాత పంచె సర్దుకుని, టప్ టప్‌మని నడుచుకుంటూ బయటికి పోయి మస్తాన్ కారులో కూర్చున్నాడు.

"ఏంది బాబాయ్, అమ్మోరు కూడా నిన్ను హైదరాబాదే పొమ్మందా?" అన్నాడు మస్తాన్.

వాడు నవ్వలేదు. కసురుకోనూ లేదు. "పోనీయ్," అన్నాడు.

ఆ కళ్లలో వాడు ఏం చూశాడో అడిగాను, ఒకటికి పదిసార్లు. ఈ రోజుకీ చెప్పలేదు.

ఇప్పుడు

శేషయ్యను తీసుకున్నారు. ఇంకొంత ఆలస్యమైతే తీసుకునేవాళ్లు కాదని డాక్టరమ్మ అంది. ఇద్దరం ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో పడుకుంటున్నాం. వాడికి ఎవరూ కనపడరట. నాకు కూడా ఈ మధ్య నాయన రావడం తగ్గింది. వచ్చినా దూరంగా తలుపు దగ్గర నిలబడి పోతాడు. పెదాలు కదపడు.

చదివేవాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో తాతకూ తండ్రికీ ఒకే తీరున కాళ్లూ చేతులూ మొద్దుబారి, కడుపు పాడై, ఒళ్లు కరిగిపోయి ఉంటే దాన్ని దేవుడికీ దయ్యానికీ ఇవ్వకండి. ముందు డాక్టరుకు చూపించండి. చూపించాక అది ఏదో తేలుతుంది. చూపించకముందు అది ఏదైనా అవుతుంది. మా ఇంట్లో అయినట్టు.

పోయినసారి సూదికి సరోజ కూడా వచ్చింది. తన కబురు తీసుకోవడానికి. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి, మా ఇద్దరి మధ్య నిలబడి, "లేదు. నాకు లేదు," అంది. ఏడుస్తూ నవ్వింది. నర్సు పిల్ల దాని వీపు తట్టింది.

శేషయ్య సూది లేని చెయ్యి చాపాడు. "చెయ్యి ఇయ్యమ్మా."

ఇచ్చింది. వాడు దాని చూపుడువేలి కొస పట్టుకుని, చూసుకుంటూ, ఉన్న బలమంతా పెట్టి గిల్లాడు.

"అబ్బా! బాబాయ్!"

"నొప్పంటందన్నా," అన్నాడు వాడు నాతో. "నొప్పి పుట్టింది దీనికి." కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. ఆ మధ్యాహ్నం వాడు పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

సరోజ వేలు ఊదుకుంటూ నా వైపు తిరిగింది. నేను దాని రెండో చెయ్యి అడిగాను.

"నీకేమైంది నాన్నా? అమ్మవారు తీసుకోదని పదిమందిలో అరిచింది నువ్వేగా?"

"నేనే," అన్నాను. "ఇటివ్వు."